సిన్స్, ఫర్ దగ్గర మార్కులు పోతున్నాయా?

ప్రశ్న: డిగ్రీ చివరి ఏడాది చదువుతున్నాను. పదో తరగతి వరకు తెలుగు మీడియం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష ఎస్‌ఎస్‌సీ సీజీఎల్‌కు ప్రిపేర్ అవుతున్నాను. గ్రామర్ పుస్తకం రెండుసార్లు పూర్తిచేసినా ఎర్రర్ స్పాటింగ్‌లో (వాక్యంలో తప్పు గుర్తించే ప్రశ్నల్లో) మార్కులు పోతున్నాయి. సిన్స్, ఫర్ ఎక్కడ వాడాలి? డిస్కస్ పక్కన అబౌట్ రావాలా? ఇలాంటివి ఎలా సరిచేసుకోవాలి?

జవాబు: పుస్తకాన్ని మూడోసారి మొదటి పేజీ నుంచి మొదలుపెట్టకండి. మీరడిగిన రెండు సందేహాలూ ఒకే చోట పుట్టాయి. వాక్యం ముందు తెలుగులో కట్టుకుని, దాన్ని ఇంగ్లిష్‌లోకి దింపుతున్నారు. రెండు భాషల దారులు విడిపోయే చోట తప్పు పడుతోంది. ఆ చోట్లు పట్టుకుంటే సగం పని అయినట్లే.

‘ఐదేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను’ అంటాం. దాన్ని ఉన్నదున్నట్లు మారిస్తే ‘ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్’ అవుతుంది. ఇందులో తప్పులు రెండు. ఐదేళ్లనేది కాలవ్యవధి కాబట్టి ఫర్ రావాలి. సిన్స్ వాడాలంటే పని ఎప్పుడు మొదలైందో చెప్పాలి: సిన్స్ 2020, సిన్స్ మండే. ఇంతవరకు చాలామందికి తెలుసు. రెండో తప్పు క్రియలో ఉంది, అక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. ఎప్పుడో మొదలై ఇంకా సాగుతున్న పనికి ‘యామ్ లివింగ్’ సరిపోదు, ‘హావ్ బీన్ లివింగ్’ అనాలి. కాబట్టి వాక్యంలో సిన్స్ కనిపించగానే చూపు క్రియ మీదికి వెళ్లాలి. ‘కాబట్టి’ అనే అర్థంలో వచ్చే సిన్స్‌కు మాత్రం ఈ నియమం వర్తించదు.

‘సమస్య గురించి చర్చించాం’లోని ‘గురించి’యే అబౌట్‌ను లాక్కొస్తోంది. ‘వీ డిస్కస్డ్ ద ప్రాబ్లమ్’ అంటే చాలు. నామవాచకమైన డిస్కషన్ పక్కన అబౌట్ నిక్షేపంగా వాడొచ్చు. మనం ‘ఫలానావారితో పెళ్లి’ అంటాం కదా అని మ్యారీ పక్కన విత్ పెట్టకండి. ‘కంటే’ అన్నచోటల్లా ‘దాన్’ కుదరదు. సీనియర్, జూనియర్, సుపీరియర్ పక్కన ‘టు’ వస్తుంది.

ఇటీవలి నోటిఫికేషన్ల ప్రకారం తొలి దశ పరీక్ష టైర్-1లో ఇంగ్లిష్‌కు 25 ప్రశ్నలు, 50 మార్కులు. టైర్-1 కేవలం అర్హత కోసమే. తుది ఎంపికకు లెక్కలోకి వచ్చే టైర్-2లో ఇంగ్లిష్ 45 ప్రశ్నలకు 135 మార్కులున్నాయి, తప్పు జవాబుకు ఒక మార్కు కోత. ఊహించి పెట్టే జవాబులు అక్కడ నష్టం చేస్తాయి.

రోజూ ఒక పాత పేపర్‌లోని ఇంగ్లిష్ విభాగం చేయండి. తప్పుపోయిన ప్రతి వాక్యాన్నీ నోట్‌బుక్‌లో సరిచేసి రాసి, దాని కింద ఆ క్షణాన మనసులో మెదిలిన తెలుగు వాక్యం రాయండి. ఒకే తెలుగు మాట పదేపదే ఇబ్బంది పెడుతున్నట్లు కొన్నాళ్లకే కనిపిస్తుంది. పుస్తకంలో ఆ అధ్యాయం ఒక్కటే తెరవండి. ‘నో సూనర్’కు ‘దాన్’, ‘హార్డ్‌లీ’కి ‘వెన్’ లాంటి జంటలకు ఈ పద్ధతి పనికిరాదు, వాటిని కంఠస్థం చేయాల్సిందే.