స్రవంతికి, భూకంపాల జాబితా తెరిచే ముందు

చిరంజీవి స్రవంతికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు చివరి ఏడాది ప్రాజెక్టుకి ద్వీపకల్ప భారతంలో వచ్చిన భూకంపాల డేటా తీసుకుని పైథాన్‌లో విశ్లేషిస్తానంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నేను జీవితమంతా చేసిన పనిని మనింట్లో ఇంకొకరు చేపడతారని ఎప్పుడూ అనుకోలేదమ్మా. చాలా సంతోషమేసింది. ఇంతలోనే, "ఈసారి ఎక్కడొస్తుందో మ్యాపు మీద చూపించి ఆన్‌లైన్‌లో పెడుతుందట" అంది. ఆ మాట విన్నప్పట్నించీ మనసు కుదురుగా లేదు. ఫోన్లో చెబితే ఊఁ కొట్టి పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నాను.

పట్టికల పనికి పాండాస్, భూకంప రికార్డుల పనికి ఆబ్స్‌పై అనే పైథాన్ పనిముట్లు ఎలా వేసుకోవాలో నీకు నేను చెప్పక్కర్లేదు. అమెరికా జియలాజికల్ సర్వే వాళ్ళ కేటలాగు, అంటే భూకంపాల జాబితా, ఒకసారికి 20,000 వరుసలకు మించి ఇవ్వదు కాబట్టి ఏళ్ళవారీగా అడుగు. దించుకున్న అసలు ఫైలు జోలికి పోకు, కాపీ మీదే పని చెయ్యి.

ఇక టైము సంగతి. ఇది మాత్రం నిదానంగా చదువు.

చాలా ఏళ్ళ కిందట ఒక ఆఫీసువాళ్ళు ఒక రిపోర్టు చూసిపెట్టమని నాకు పంపారు. ఒక కట్టడం కోసం ఆ ప్రాంతానికి భూకంప ప్రమాదం ఎంతో లెక్కగట్టిన రిపోర్టు అది. తయారుచేసిన కుర్రాడు తెలివైనవాడు, ప్రోగ్రాం శుభ్రంగా రాశాడు. రెండు కేటలాగులు కలిపి, ఒకే భూకంపం రెండుసార్లు పడితే ఒకటి తీసేసే ఏర్పాటూ చేశాడు. నిమిషంలోపు తేడా ఉంటే రెండూ ఒకటే అని నియమం. నేను గ్రాఫులు పక్కన పెట్టి వెనక ఉన్న జాబితా తీశాను. 1993 సెప్టెంబర్ 29, 22 గంటల 25 నిమిషాలకు ఒకటి. సెప్టెంబర్ 30, 3 గంటల 55 నిమిషాలకు ఇంకొకటి. రెండూ మహారాష్ట్రలోని కిల్లారి దగ్గరే. ఒకదాని తీవ్రత 6.2, రెండోదానిది 6.4.

తేడా సరిగ్గా అయిదున్నర గంటలు. మొదటిది యూటీసీ, అంటే ప్రపంచమంతా వాడే ప్రామాణిక సమయం; రెండోది దానికి అయిదున్నర గంటలు ముందుండే మన ఐఎస్‌టీ. తీవ్రతలు వేరవడానికి కారణం కొలమానాలు వేరవడం: ఒకటి మొమెంట్ మాగ్నిట్యూడ్, ఇంకొకటి ఉపరితల తరంగాలది. భూకంపం ఒక్కటే. ప్రోగ్రాం మాత్రం రెండుగా లెక్కేసింది. "డూప్లికేట్లు తీసేశాను సార్, రెండోది ఆఫ్టర్‌షాక్ అయివుంటుంది" అన్నాడు కుర్రాడు. ఆఫ్టర్‌షాక్ అంటే పెద్ద భూకంపం తర్వాత అక్కడే వచ్చే చిన్నది. మూల భూకంపం కన్నా పెద్ద ఆఫ్టర్‌షాక్ ఎక్కడైనా ఉంటుందా! జాబితాలో ఇంకాస్త పైకెళ్తే మహారాష్ట్రలోదే కోయనా భూకంపం కూడా అలాగే రెండుసార్లు ఉంది: 1967 డిసెంబర్ 10, డిసెంబర్ 11. ద్వీపకల్పంలో ఆరు దాటిన భూకంపాలే అరుదు. వాటిని రెండేసి సార్లు లెక్కపెడితే అవెన్నేళ్ళకొకసారి వస్తాయన్న అంచనా సగానికి సగం తప్పుతుంది. ఆ రిపోర్టు అలాగే వెళ్ళుంటే ఆ అంకెలు ఎన్ని కాగితాల్లోకి ఎక్కేవో!

ఇక్కడే ఇలా ఎందుకు జరిగిందో గమనించావా? కోయనా తెల్లవారుజామున 4.21కి, కిల్లారి 3.55కి, 1997లో జబల్‌పూర్ మళ్ళీ 4.22కి వచ్చాయి. మన టైముకి తెల్లవారుజామంటే యూటీసీలో ముందురోజు రాత్రి. అందుకే ఈ మూడింటికీ తారీఖే మారిపోతుంది. అలాగని మన భూకంపాలన్నీ తెల్లవారుజామునే వస్తాయని సిద్ధాంతం కట్టేవు! 1969లో భద్రాచలం దగ్గర వచ్చింది రాత్రి 8.54కి. భుజ్, 2024 డిసెంబర్‌లో ములుగు ఉదయంపూట వచ్చాయి. మూడు కలిసినంతమాత్రాన అది సూత్రం కాదు.

కాబట్టి ఏ ఫైలు ఏ టైములో ఉందో ముందు తెలుసుకో. అన్నిటినీ యూటీసీలోకి మార్చి అలాగే ఉంచు. మన టైము కావాలంటే వేరే కాలమ్ పెట్టుకో. కలిపాక, తీవ్రత అయిదు దాటిన వరుసలన్నీ కాగితం మీద ప్రింటు తీసి, పెన్సిలు పట్టుకుని ఒక్కొక్కటీ చూడు. ద్వీపకల్పానికి అదేమంత పెద్ద జాబితా కాదు.

మిగతావి త్వరగా చెప్తాను. లోతు కాలమ్‌లో 10, 33 అంకెలే పదేపదే కనిపిస్తే అవి కొలిచినవి కావు, లోతు తేలనప్పుడు పెట్టేసినవి. వాటితో లోతు గ్రాఫు గీయకు. ఏళ్ళు గడిచేకొద్దీ సంఖ్య పెరిగితే భూకంపాలు పెరిగాయని రాయకు, పెరిగింది స్టేషన్లు. ఏ కాలంలో ఏ తీవ్రత పైన జాబితా పూర్తిగా ఉందో తేల్చుకున్నాకే బి విలువ (చిన్న భూకంపాలతో పోలిస్తే పెద్దవి ఎంత అరుదో చెప్పే అంకె) జోలికి వెళ్ళు. దానికి కూడా గీత గీసి వాలు కొలవడం కాదు, అకి అనే శాస్త్రవేత్త 1965లో ఇచ్చిన సూత్రం వాడు. ఆబ్స్‌పైతో మన హైదరాబాద్ స్టేషన్ హెచ్‌వైబీ రికార్డు ఒక్కటైనా దించి, ముందొచ్చే పి తరంగాలు, వెనకొచ్చే ఎస్ తరంగాలు నీ కంటితో గుర్తించు. మధ్య ఎన్ని సెకన్లో దాన్ని ఎనిమిదితో గుణిస్తే, దగ్గర్లో వచ్చిన భూకంపానికి దూరం సుమారుగా కిలోమీటర్లలో వస్తుంది. మేం భూతద్దం పెట్టుకుని చేసిన పని ఇదే.

ఇక మ్యాపు. అది పెట్టొద్దు స్రవంతీ. ఇది మాత్రం గట్టిగానే చెబుతున్నాను. ఇదివరకు ఎక్కడెక్కడ వచ్చాయో చూపించు, ఎంత తరచుగా వచ్చాయో చూపించు, నీ లెక్కలో అనిశ్చితి ఎంతో పక్కనే రాయి. "ఈసారి ఇక్కడ" అనకు. ఫలానా రోజు, ఫలానా చోట అని చెప్పగలిగిన పద్ధతి ప్రపంచంలో ఇప్పటిదాకా ఎవరి దగ్గరా లేదు. "మన ఊరికేం భయంలేదు" అనీ అనకు. 2009లో ఇటలీలోని లాక్విలాలో భూకంపం రాకముందు జనానికి ధైర్యం చెప్పారన్న ఆరోపణ మీద శాస్త్రవేత్తలకు 2012లో కోర్టు శిక్ష వేసింది. అప్పీలులో శాస్త్రవేత్తలు నిర్దోషులుగా బయటపడ్డారు గానీ, మూడొందల మందికి పైగా చనిపోయిన ఊరది.

కిల్లారికి ఆఫ్టర్‌షాకులు రికార్డు చెయ్యడానికి మా జట్టు వెళ్ళింది. కాగితానికి దీపం పొగ పట్టించి డ్రమ్ముకి చుడితే సూది తెల్లగా గీత గీసేది. అది చెరిగిపోకుండా లక్కద్రావణంలో ముంచి ఆరబెట్టేవాళ్ళం. చుట్టూ రెండడుగులకు మించిన మందాన రాతిగోడలు, రాళ్ళ మధ్య మట్టి తప్ప ఏమీ లేదు, పైన బరువైన మట్టికప్పు. వినాయక నిమజ్జనం చేసి అలసి పడుకున్న జనం మీద అవన్నీ కూలాయి. దాదాపు పదివేల మంది. ఆ రోజుల్లో రోజుకొక పుకారు పుట్టేది, మళ్ళీ వస్తుందని. నేల ఆగినా జనానికి వణుకు ఆగలేదు. బయటే వంట, బయటే పడక. నువ్వు పెట్టే మ్యాపుని ఒక తల్లి రాత్రిపూట ఫోన్లో చూస్తుందేమోనని నా భయం. నీకు చాదస్తంగా అనిపిస్తే అనిపించనీ.

భయపెట్టడానికి రాయలేదు తల్లీ. నువ్వు చెయ్యగలవు. చిన్నప్పుడు గోడ గడియారం విప్పేసి, నేను చూస్తుండగానే మళ్ళీ బిగించిన పిల్లవి. చేతిలో ఓపిక ఉంది, అది ఈ పనికి చాలా అవసరం.

రెండు కేటలాగులూ కలిపాక, గ్రాఫులు మొదలుపెట్టకముందే ఆ ప్రింటు నాకు పంపు. లేదా సెలవులకి లాప్‌టాప్ తీసుకుని వచ్చెయ్యి, పక్కన కూర్చుని చూద్దాం. నాలుగు రోజులుండేలా రా. టికెట్టు డబ్బులు నేను పంపుతాను, మీ నాన్నని అడగకు.

మీ మామయ్య