రిపేరు షాపుకు గిరాకీ ఉంది, నెలాఖరుకు డబ్బు మిగలడం లేదు

ప్రశ్న: మా అబ్బాయి పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ డిప్లొమా పూర్తిచేసి, భీమవరంలో ఒక సర్వీసు సెంటర్‌లో రెండేళ్లు పనిచేశాడు. ఏడాది క్రితం రాజోలులో సొంతంగా కంప్యూటర్, లాప్‌టాప్ రిపేరు షాపు పెట్టాడు. పొద్దున్నుంచి రాత్రి వరకు పని ఉంటోంది గానీ అద్దె కట్టడానికే ఇబ్బంది పడుతున్నాడు. పక్క షాపులో ఫార్మాట్‌కు (కంప్యూటర్‌ను తుడిచి విండోస్ మళ్లీ వేయడానికి) 300 రూపాయలు తీసుకుంటున్నారని మావాడు 250 తీసుకుంటున్నాడు. షాపు మూసేసి హైదరాబాద్ వెళ్లి ఉద్యోగం చూసుకోమని మావారు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, రాజోలు

జవాబు: అమ్మా, రోజంతా పని ఉన్న షాపులో డబ్బు మిగలడం లేదంటే, లోపం ధర కట్టే పద్ధతిలో ఉందని నాకు అనిపిస్తోంది. హైదరాబాద్ సంగతి తేల్చుకునే ముందు ఆ పద్ధతిని సరిచేసి చూడాలని నా గట్టి అభిప్రాయం. పక్క షాపు అద్దె ఎంతో, అతనికి ఇంకేం ఆదాయం ఉందో, ఆ 300 రూపాయల్లో ఏ పని చేసి ఏది వదిలేస్తున్నాడో మీ అబ్బాయికి తెలియదు. తెలియని లెక్క మీద యాభై రూపాయలు తగ్గించి ధర నిర్ణయించడం వల్ల ఎంత ఎక్కువ పని చేస్తే అంత ఎక్కువ అలసట మాత్రమే మిగులుతుంది.

ముందుగా అతని సొంత నెల ఖర్చు కాగితం మీద వేయించండి. ఉదాహరణకు అద్దె 5,000, కరెంటు 1,500, ఇంటర్నెట్ 800, పెట్రోలు 2,500, పనిముట్లు అరిగి కొత్తవి కొనడానికి పక్కన పెట్టేది 2,000, చిల్లర ఖర్చులు 1,200 అనుకుంటే మొత్తం 13,000 అవుతుంది. దీనికి అతని జీతం కలపాలి. సొంత షాపు కదా అని జీతం లెక్కలోకి తీసుకోకపోవడం కుటుంబాలు నడిపే వ్యాపారాల్లో నేను తరచుగా చూసే పొరపాటు. జీతం 17,000 అనుకుంటే నెలకు 30,000 రావాలి. నెలకు ఇరవై ఆరు రోజులు, రోజుకు ఎనిమిది గంటలు షాపు తెరిచినా, ఫోన్లు మాట్లాడటం, సామాను తెప్పించడం, ధర చెప్పి పంపడం వంటివి పోగా డబ్బు వచ్చే పని సుమారు వంద గంటలకు మించదు. అంటే గంటకు 300 రూపాయలు. పది పనుల్లో ఒకటి తిరిగి వస్తుందని, దాన్ని ఉచితంగా మళ్లీ చేసివ్వాలని అనుకుంటే ఇంకో పదో వంతు కలిపి 330 అవుతుంది. మీ అబ్బాయి అంకెలు వేరుగా ఉండవచ్చు గానీ లెక్క చేసే దారి ఇదే.

ఇప్పుడు ఫార్మాట్ సంగతి చూడండి. ఫైళ్లు వేరే డిస్కులోకి ఎక్కించి, విండోస్ వేసి, డ్రైవర్లు (యంత్ర భాగాలను నడిపే సాఫ్ట్‌వేర్), ప్రింటరు, తెలుగు టైపింగు సరిచేసి, ఫైళ్లు తిరిగి పెట్టడానికి యంత్రం మూడు నాలుగు గంటలు బల్ల మీద ఉంటుంది. అందులో మనిషి చేతి పని గంటన్నర వరకు పడుతుంది. పై లెక్కన అది దాదాపు 500 రూపాయల పని. అతను తీసుకుంటున్నది అందులో సగం. ఫైళ్లు కాపాడనక్కరలేని ఫార్మాట్‌కు ఒక ధర, కాపాడవలసిన దానికి మరో ధర పెట్టి, రెండూ షాపులో బోర్డు మీద రాయించడం మంచిది. తక్కువ ధరకు దొంగ విండోస్ వేసివ్వడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దని చెప్పండి. అక్రమ కాపీ అని తెలిసి వాడటం 1957 కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ కింద కనీసం ఏడు రోజుల నుంచి మూడేళ్ల వరకు జైలుశిక్ష, 50,000 నుంచి రెండు లక్షల రూపాయల వరకు జరిమానా పడే నేరం. నిజానికి విండోస్‌తో అమ్మిన లాప్‌టాప్‌లలో చాలావాటికి లైసెన్సు లాప్‌టాప్ లోపలి మదర్‌బోర్డులోనే భద్రంగా ఉంటుంది కాబట్టి, అదే రకం విండోస్ తిరిగి వేస్తే కొత్తగా కొనే పని ఉండదు. ఈ సంగతి తెలిసినవాడు ఖాతాదారుకు విడమరిచి చెబితే ఆ ధరను ఎవరూ తప్పు పట్టరు.

రెండో మార్పు, సామాను ధరనూ మజూరీనీ విడదీయడం. కంసాలి బంగారం ధర వేరుగా, మజూరీ వేరుగా రాస్తే మనం మారు మాట్లాడకుండా ఇస్తాం. ఇక్కడ మాత్రం చాలామంది కుర్రవాళ్లు మజూరీ అడగడానికి మొహమాటపడి, దాన్ని ఎస్ఎస్‌డీ (ఫైళ్లు దాచే డిస్కు) ధరలోనో కీబోర్డు ధరలోనో దాచేస్తారు. ఖాతాదారు ఫోన్‌లో అదే వస్తువు ధర చూసిన మరుక్షణం ఇతను మోసగాడైపోతాడు. సామాను విజయవాడ నుంచి వచ్చినా, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి వచ్చినా, రవాణాకూ వారంటీ బాధ్యతకూ సరిపడా కొద్ది లాభం మాత్రమే వేసుకుని, బిగించిన పనికి మజూరీ విడిగా చూపించాలి. బంధువులకు తగ్గించక తప్పదనుకుంటే బిల్లులో పూర్తి ధర రాసి, మజూరీలో ఎంత తగ్గించాడో కింద రాసి ఇవ్వమనండి. సామాను ధరలో మాత్రం ఎవరికీ తగ్గించకూడదు.

యంత్రం విప్పి చూసినందుకు కూడా 150, 200 రూపాయల రుసుము ఉండాలి. రిపేరు చేయించుకుంటే దాన్ని బిల్లులో తగ్గించవచ్చు, చేయించుకోకపోతే తీసుకోవాలి. అసలు నేర్పు లోపం కనిపెట్టడంలోనే ఉంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ సౌకర్యం లేని పాత యంత్రాలకు విండోస్ 11 ఆ సంస్థ నిబంధనల ప్రకారం పనికిరాదు. అటువంటి యంత్రం మీద నాలుగు వేలు పెట్టవద్దని నిజాయితీగా చెప్పడం వల్ల ఖాతాదారుకు నాలుగు వేలు మిగులుతాయి. ఆ సలహాకు 200 రూపాయలు తీసుకోవడంలో సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

మీ ప్రాంతానికి ప్రత్యేకమైన విషయాలు కొన్ని ఉన్నాయి. అంతర్వేది, సఖినేటిపల్లి వైపు సముద్రపు ఉప్పుగాలికి బోర్డుల మీద లోహం తొందరగా తుప్పు పడుతుంది. రొయ్యల చెరువుల దగ్గర షెడ్డుల్లో ఉండే యంత్రాలకు తేమ, కరెంటు హెచ్చుతగ్గులు తోడవుతాయి. అందువల్ల బోర్డు పనికి ముప్పై రోజులకు మించి హామీ ఇవ్వకుండా, ఆ మాట రసీదు మీదే రాయాలి. యంత్రం తీసుకునేటప్పుడే సీరియల్ నంబరు, పైకి కనిపించే దెబ్బలు, ఫైళ్ల బాధ్యత ఎవరిదన్నది రాసి సంతకం తీసుకుంటే తగాదాలు సగం తగ్గుతాయి. ఇంటికి వెళ్లి చేసే పనికి దూరాన్ని బట్టి విడిగా తీసుకోవాలి. పంటు (రేవు దాటించే పడవ) ఎక్కి గోదావరి దాటి నరసాపురం వెళ్లవలసిన పనికీ పక్క వీధి పనికీ ఒకే ధర కట్టడం అన్యాయం.

అరువు గురించి మరీ జాగ్రత్తగా ఉండాలి. సార్వా కోతలయ్యాక, దాళ్వా డబ్బు వచ్చాక, కొబ్బరి అమ్మాక ఇస్తామనే వారి మాటలో అబద్ధం ఉండకపోవచ్చు, కానీ ఇతను సామాను అమ్మేవాడికి ఈ వారమే కట్టాలి. సామాను డబ్బు పూర్తిగా అడ్వాన్సు తీసుకుని, మజూరీ మాత్రమే, అదీ తెలిసినవారికే అరువు పెట్టాలి. అప్పుడు బాకీ వసూలు కాకపోయినా పోయేది శ్రమే గానీ చేతి డబ్బు కాదు.

పన్ను విషయం క్లుప్తంగా చెబుతాను. రిపేరుతోపాటు సామాను అమ్మకం కూడా కలిపి ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పనిసరి. నమోదు లేకుండా బిల్లులో జీఎస్టీ వసూలు చేయకూడదు. నమోదైన తరువాత రిపేరు మజూరీ మీద 18 శాతం పడుతుంది కాబట్టి, ఆ హద్దు దగ్గరపడుతున్నప్పుడే ఆడిటరును కలవాలి.

ధరలు మార్చగానే కొంతమంది వెళ్లిపోతారు. మొదటి నెల మీకు భయం కలుగుతుంది, ఆ నెలలో మాత్రం అతన్ని వెనక్కి లాగకండి. మూడు నెలలపాటు ఏ పనికి ఎన్ని గంటలు పట్టింది, ఎంత వచ్చింది అన్నది రోజూ పుస్తకంలో రాయించండి. ఈలోగా బడులు, రైసుమిల్లులు, మేత దుకాణాలు, జిరాక్సు సెంటర్ల వంటి చోట్ల నెలకు ఇంత అని ఏడాది నిర్వహణ ఒప్పందాలు రెండు మూడు కుదుర్చుకుంటే అద్దె సంగతి అక్కడే తీరుతుంది. మూడు నెలల తరువాత కూడా డబ్బు వచ్చే గంటలు నెలకు అరవైకి తక్కువగా ఉంటే ఆ ఊళ్లో అంత గిరాకీ లేదని అర్థం. అప్పుడు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చిప్ లెవెల్ పని (బోర్డు మీది చిప్‌లను విడిగా బాగుచేయడం) నేర్పే సర్వీసు సెంటర్‌లో చేరమనండి. గంటలు నిండుతూ ఉంటే షాపు మూయవలసిన అవసరం లేదని, ఆ పుస్తకమే ముందు పెట్టి మీవారితో మాట్లాడండి.