మేనకోడలికి మామయ్య లేఖ: మాడ్యులర్ సింథ్ కొనేముందు

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం ఫోన్‌లో నువ్వు అడిగినదానికి అప్పటికప్పుడు సరైన జవాబు ఇవ్వలేకపోయాను. ఆఫీసు స్నేహితురాలి ఇంట్లో బీరువా అంత మాడ్యులర్ సింథసైజర్ చూశానన్నావు, అంటే ఒక్కో పని చేసే చిన్న చిన్న భాగాలను (మాడ్యూళ్లను) తీగలతో కలిపి శబ్దం పుట్టించే ఎలక్ట్రానిక్ వాద్యం. ఆ అమ్మాయి రంగురంగుల తీగలు ఒకచోట పీకి మరోచోట గుచ్చుతుంటే ఒళ్లు జలదరించిందన్నావు. బోనస్ మొత్తం పెట్టి అలాంటిదే ఒకేసారి కొనెయ్యనా మామయ్యా అన్నావు. వద్దు తల్లీ. కొనడం కొను, నా మాటగా తప్పకుండా కొను, కానీ అలా కాదు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పి రిటైరైన ఏడాది నేను ఇది మొదలుపెట్టాను. పద్నాలుగేళ్లుగా సాయంత్రం ఆరు అయిందంటే నా చేతులు ఆ పెట్టె మీదే ఉంటాయి. ఆ ఆనందం నీకూ అందాలని కాస్త వివరంగా రాస్తున్నాను.

జర్మనీలో నువ్వు ఉన్న చోటు ఎలాంటిదో నీకు తెలుసో లేదో. మ్యూనిక్‌ను ఆనుకునే గ్రేఫెల్ఫింగ్ అనే ఊరుంది. అక్కడి డీటర్ డోప్ఫర్ గారు 1995లో ఎ-100 అనే మాడ్యూళ్ల వరుస తెచ్చారు. ఇవాళ లోకమంతా యూరోరాక్ అంటున్నది దాన్నుంచి వచ్చిందే. మాడ్యూల్ ఎత్తు 128.5 మిల్లీమీటర్లు, వెడల్పు హెచ్‌పీల లెక్కన (ఒక హెచ్‌పీ అంటే 5.08 మిల్లీమీటర్లు), జాక్‌లు 3.5 మిల్లీమీటర్లు, కరెంటు ప్లస్ 12, మైనస్ 12 వోల్టులు. ఈ కొలతలు పాటిస్తే చాలు, ఎవరు తయారుచేసినా పెట్టెలో పడుతుంది. జర్మనీ ఆసిలేటర్ పక్కన లాట్వియా ఫిల్టర్, దాని పక్కన అమెరికా వీసీఏ పెట్టుకోవచ్చు (ఇవేం చేస్తాయో కింద చెబుతాను). అంటే ఒక్కొక్కటిగా కొనుక్కోవడానికే ఏర్పడిన పద్ధతి ఇది. ఒకేసారి ముప్పై మాడ్యూళ్లు తెచ్చి పెట్టుకుంటే ఏ మర (తిప్పే నాబ్) ఏం చేస్తుందో తెలియక, నెల తిరిగేసరికి దాని మీద దుప్పటి కప్పేస్తావు. అలా కప్పినవాళ్లను నేను చూశాను.

ముందు రెండు మూడు నెలలు పైసా ఖర్చు పెట్టకు. వీసీవీ ర్యాక్ అని కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రాం ఉంది, ఉచితంగా దొరుకుతుంది. తెర మీదే మాడ్యూళ్లు పెట్టుకుని తీగలు కలుపుకోవచ్చు. నిజం మరలు తిప్పే సుఖం అందులో రాదు. కానీ ఏది దేనికి పనికొస్తుందో తెలిసిపోతుంది, నీకు నిజంగా ఏది కావాలో కూడా.

ఇందులో అర్థం చేసుకోవాల్సింది ఒక్కటే: అంతా వోల్టేజీయే. శబ్దమూ వోల్టేజీయే, ఆ శబ్దానికి ఏం చేయాలో చెప్పే ఆజ్ఞ కూడా వోల్టేజీయే. 1964లో న్యూయార్క్ రాష్ట్రంలో రాబర్ట్ మోగ్ గారు, స్వరకర్త హెర్బర్ట్ డాయిచ్‌తో కలిసి తన తొలి యంత్రం తయారుచేసినప్పుడు దాని ప్రాణమంతా ఈ ఆలోచనలోనే ఉంది. ఒక వోల్టు పెంచితే స్వరం ఒక స్థాయి పైకి వెళ్తుంది, మంద్ర షడ్జం మధ్య షడ్జం అవుతుంది. స్థాయికి పన్నెండు స్వరస్థానాలు కాబట్టి ఒక్కో మెట్టుకు సుమారు 83 మిల్లీవోల్టులు. శబ్దాన్ని పుట్టించేది ఆసిలేటర్, స్విచ్ వేసిన క్షణం నుంచి ఆగకుండా మోగుతూనే ఉంటుంది. దానికి తలుపులాంటిది వీసీఏ, అంటే వోల్టేజీ చెప్పినట్టు శబ్దాన్ని పెంచి తగ్గించే ఆంప్లిఫయర్. తలుపు ఎంత మెల్లగా తెరవాలో, ఎంత గబుక్కున మూయాలో చెప్పేది ఎన్వలప్. పై పౌనఃపున్యాలను కోసి శబ్దాన్ని మెత్తబరిచేది ఫిల్టర్. చెవికి వినపడనంత నెమ్మదిగా ఊగుతూ వీటిలో దేన్నయినా ఊపేది ఎల్‌ఎఫ్‌ఓ. అదే ఎల్‌ఎఫ్‌ఓను ఫిల్టర్‌కు ఇస్తే శబ్దం ఊపిరి పీల్చినట్టుంటుంది, ఆసిలేటర్‌కు కొద్దిగా ఇస్తే గమకంలా కదులుతుంది. ఎక్కడ గుచ్చాలో నిర్ణయించేది నువ్వు. నాకు ఈ రోజుకీ విసుగు రానిది అదే.

మొదటి పెట్టెలోకి ఏం కొనాలంటే, ఆసిలేటర్లు రెండు, ఫిల్టర్ ఒకటి, ఎన్వలప్ ఒకటి, ఎల్‌ఎఫ్‌ఓ ఒకటి, చిన్న మిక్సర్. వీసీఏలు మాత్రం కనీసం మూడు. ఒక్కటి చాలదా అంటావు, నేనూ అలాగే అనుకున్నాను. వీసీఏ శబ్దాన్ని తగ్గించడానికే కాదు, ఆజ్ఞను తగ్గించడానికి కూడా. ఎల్‌ఎఫ్‌ఓ ఊపు మొదట లేకుండా ఉండి, స్వరం సాగేకొద్దీ మెల్లగా పెరగాలంటే మధ్యలో ఇంకో వీసీఏ కావాలి. అలాగే అటెన్యుయేటర్లు (వోల్టేజీని తగ్గించేవి), ఆఫ్‌సెట్‌లు (దానికి స్థిరమైన వోల్టేజీ కలిపేవి), మల్టిపుల్స్ (ఒకే వోల్టేజీని చీల్చి పలుచోట్లకు పంపేవి). షాపులో చూస్తే చప్పగా ఉంటాయి, వాటికి మెరిసే లైట్లుండవు. కొత్తవాళ్లెవరూ కొనరు. సంగీతమంతా వాటి దగ్గరే ఉంది, ఎందుకంటే ఏ ఆజ్ఞ అయినా ఎంత మోతాదులో ఇవ్వాలన్నదే అసలు విద్య. సీక్వెన్సర్ మొదటి ఆరు నెలలూ కొనకు. అది చేతిలో ఉంటే ఎనిమిది స్వరాలు చక్రంలా తిరుగుతుంటాయి, వాటినే వింటూ కూర్చుంటాం, శబ్దం లోపలికి చెవి పోదు.

పెట్టె విషయంలో పిసినారితనం వద్దు. 84 హెచ్‌పీ వరుసలు రెండున్నది తీసుకో, వరుస 43 సెంటీమీటర్లకు కాస్త తక్కువ ఉంటుంది. ప్రతి మాడ్యూల్ వివరాల్లో ప్లస్ 12కు ఎన్ని మిల్లీఆంపియర్లు, మైనస్ 12కు ఎన్ని అని రాసి ఉంటుంది. రెండూ వేరువేరుగా కూడి, పవర్ సప్లై ఇవ్వగలిగినదానికంటే బాగా తక్కువలో ఉండేలా చూసుకో. పెట్టెలో ఖాళీ కనపడితే ఏదో ఒకటి కొనాలనిపిస్తుంది. ఆ ఖాళీ మీద ఒక అట్టముక్క బిగించెయ్, మనసు కుదుటపడుతుంది. ఆన్‌లైన్‌లో కొంటే అక్కడ పద్నాలుగు రోజుల్లో తిప్పి పంపే హక్కుంది కదా, ఆ రోజుల్లోనే బాగా వాయించి చూడు. వాడినవి మంచివి దొరికినా తీసుకో, మరలు బిగుతుగా, జాక్‌లు గట్టిగా ఉన్నాయో లేదో చూసుకుని.

ఇప్పుడు చెప్పబోయేది మాత్రం గోడ మీద రాసి పెట్టుకో. మాడ్యూల్ వెనక నుంచి పవర్ బోర్డుకు ఒక రిబ్బన్ కేబుల్ వెళ్తుంది. దానికి ఒక అంచున ఎర్ర చార ఉంటుంది. ఆ చార మైనస్ 12 వైపు ఉండాలి, రెండు చివర్లలోనూ. నా రెండో ఏడు, మే నెలలో కరెంటు పోయి వచ్చి పోతున్న ఒక రాత్రి, టార్చి వెలుతురులో కొత్త ఫిల్టర్ బిగించాను. పది పిన్నుల కేబుల్ తిరగబడింది. ప్లస్ ఉండాల్సిన చోట మైనస్ చేరింది. కరెంటు రాగానే చిటుక్కుమని చిన్న శబ్దం, ఆ వెంటనే కాలిన ఐసీ వాసన. ముప్పై ఏళ్లు పిల్లలకు పోలారిటీ చూసుకోమని చెప్పినవాణ్ణి. మూడు నెలలు ఎదురుచూసి, కస్టమ్స్ టెన్షన్ పడి తెప్పించుకున్న ఫిల్టర్ అది. ఆ రాత్రి అన్నం సహించలేదు. అందుకే చెబుతున్నా: ప్లగ్ గోడ నుంచి పీకేసి, పగటి వెలుతురులో, మాడ్యూల్ కాగితం పక్కన పెట్టుకుని బిగించు. కొందరు తయారీదారుల గుర్తులు వేరుగా ఉంటాయి కాబట్టి కాగితం చూడకుండా చార ఒక్కదాన్నే నమ్మొద్దు. 230 వోల్టులు నేరుగా లోపలికి వచ్చే పెట్టె అయితే ఆ భాగం మూత ఎప్పుడూ తెరవకు.

చెవుల జాగ్రత్త కూడా. ఈ మాడ్యూళ్ల సిగ్నల్ ఈ కొస నుంచి ఆ కొసకు పది వోల్టుల దాకా ఊగుతుంది. మామూలు ఆంప్లిఫయర్ ఎదురుచూసేది అందులో చిన్న వంతే. చివర్లో అవుట్‌పుట్ మాడ్యూల్ పెట్టుకో. వాల్యూమ్ సున్నాకు తెచ్చి, హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఆ తర్వాతే మెల్లగా పెంచు. రాత్రి పది దాటితే మీ దగ్గర స్పీకర్లు ఎలాగూ పనికిరావు.

ఇక మొదటి సాయంత్రం ఏం చేయాలో చెబుతాను. మీ అమ్మ చిన్నప్పుడు సంగీతం పాఠానికి కూర్చునేముందు తంబూరా శ్రుతి చేసే పని నాది. బిరడా తిప్పుతూ, దూది దారం జరుపుతూ, చెవి తీగకు ఆనించి వినేవాణ్ణి. నువ్వూ అక్కడే మొదలుపెట్టు. స్విచ్ వేసి ఇరవై నిమిషాలు వదిలెయ్, కాఫీ కలుపుకో. ఆసిలేటర్‌లో వోల్టేజీని స్వరంగా మార్చే ట్రాన్సిస్టర్లు వేడికి స్పందిస్తాయి, ఒంటికి వేడి పట్టేదాకా శ్రుతి జారుతూనే ఉంటుంది. విజయవాడ వేసవిలో మధ్యాహ్నం శ్రుతి సాయంత్రానికి నిలవదు. మీ ఇంట్లో చలికాలం హీటర్ వేసినప్పుడు కూడా అదే జరుగుతుంది.

తర్వాత రెండు ఆసిలేటర్లనూ మిక్సర్‌లో కలిపి, రంపపు పన్ను ఆకారం తరంగం తీసుకో. మొదటిదాన్ని నీ గొంతుకు సరిపడే సా దగ్గర పెట్టు. రెండోదాన్ని కింద నుంచి పా వైపు మెల్లగా తీసుకురా. దగ్గరికి వస్తుంటే లోపల వావ్ వావ్ అని ఒక కొట్టుకోవడం వినపడుతుంది. ఇంకా దగ్గరైతే ఆ కొట్టుకోవడం నెమ్మదిస్తుంది. మరను వెంట్రుక వాసి కదుపు. అల సాగి సాగి ఒకచోట ఆగిపోతుంది, రెండు గొంతులూ ఒకటవుతాయి. కీబోర్డు చెప్పే పంచమానికీ ఇలా చెవి పట్టుకునే పంచమానికీ చిన్న తేడా ఉంది. సా 130 హెర్ట్జ్ ప్రాంతంలో ఉంటే, కీబోర్డు పంచమంతో రెండు సెకన్లు దాటాక ఒక్కో అల వస్తుంది. శుద్ధంగా కలిస్తే రాదు. మీటర్ చూడకుండా ఆ నిశ్చలత దాకా నువ్వు వెళ్లగలిగితే ఈ విద్య నీకు పట్టుబడినట్టే. అక్కడి నుంచి ఫిల్టర్‌ను పూర్తిగా మూసి, చేత్తో చాలా నెమ్మదిగా తెరువు. అనుస్వరాలు ఒక్కొక్కటే బయటికొస్తాయి, తంబూరా జీవా దగ్గర దారం జరిపినప్పటి మాదిరి. ఈ ఒక్క ప్యాచ్‌తో (తీగల అమరికను అలా అంటారు) వారం గడుపు.

రెండో వారం ఒకే వోల్టేజీని చీల్చి రెండు ఆసిలేటర్లకూ ఇవ్వు. సా పా కలిసే పైకీ కిందికీ కదలాలి. ఇక్కడ మామూలు మల్టిపుల్ వాడితే కొన్ని మాడ్యూళ్లతో వోల్టేజీ కొద్దిగా దిగుతుంది. ఒక శాతం దిగినా మూడు వోల్టుల దగ్గర స్వరం మెట్టులో మూడో వంతు తప్పుతుంది. శ్రుతికి మాత్రం బఫర్ (వోల్టేజీ దిగకుండా కాపాడే సర్క్యూట్) ఉన్న మల్టిపుల్ వాడు. రెండు అవుట్‌పుట్‌లను మల్టిపుల్‌తో ఎప్పుడూ కలపకు, దానికి మిక్సర్ ఉంది.

మంచి శబ్దం వచ్చిన ప్రతిసారీ, తీగలు పీకేముందు రికార్డు చెయ్. ఈ యంత్రానికి జ్ఞాపకశక్తి లేదు. పీకితే పోయినట్టే, అచ్చం అదే మళ్లీ రాదు. మన దేశంలోనే ఒక ఉదాహరణ ఉంది. 1969లో అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కు మోగ్ మాడ్యులర్ వచ్చింది. అమెరికన్ స్వరకర్త డేవిడ్ ట్యూడర్ వచ్చి దాన్ని నెలకొల్పారు. గీతా సారాభాయ్, అతుల్ దేశాయ్, ఎస్.సి. శర్మ, ఐ.ఎస్. మాథుర్, జిన్‌రాజ్ జోషిపురా లాంటివాళ్లు 1972 దాకా దాని మీద పనిచేశారు. ఆ ప్యాచ్‌లు అప్పుడే విడిపోయాయి, కానీ టేపులు సంస్థ భండారంలో ఉండిపోయాయి. పాల్ పర్గస్ అనే బ్రిటిష్ కళాకారుడు వాటిని వెలికితీయబట్టి 2023లో ఆల్బమ్‌గా బయటికొచ్చి, నేను ఇక్కడ కూర్చుని విన్నాను. యాభై ఏళ్ల కిందట మనవాళ్లు ఆ మరలు తిప్పిన తీరు వింటుంటే కళ్లు చెమర్చాయి. వాళ్లు టేపు నడపకపోయి ఉంటే ఏమీ మిగిలేది కాదు. నువ్వు తేదీ వేసి దాచుకో. పక్కనే నోటు పుస్తకంలో ఏ తీగ ఎక్కడి నుంచి ఎక్కడికో గీసుకో, నా దగ్గర ఇప్పటికి పదకొండు పుస్తకాలున్నాయి.

వీలైతే మేలో బెర్లిన్ వెళ్లు. సూపర్‌బూత్ అనే సంత ఏటా జరుగుతుంది, తయారుచేసినవాళ్లే ఎదురుగా నిలబడి చూపిస్తారు. అదే ఊళ్లో కొట్‌బుసర్ టోర్ దగ్గర ష్నైడర్స్‌లాడెన్ అనే దుకాణం ఉంది, తొందరపడకుండా వాయించి చూసుకోవచ్చు. కొనే ఉద్దేశం లేకుండా వెళ్లు. ఏ మర నీ చేతికి నచ్చిందో గుర్తుపెట్టుకుని ఇంటికొచ్చెయ్. నెల తర్వాత కూడా అదే గుర్తొస్తుంటే అప్పుడు తెప్పించుకో.

ఇంటికొచ్చేటప్పుడు నాకు 30 సెంటీమీటర్ల ప్యాచ్ కేబుళ్లు ఒక పది పట్టుకురా, ఇక్కడివి జాక్‌లో వదులుగా కూర్చుంటున్నాయి. సా పా కలిసిన రోజు ఆ రికార్డింగ్ ముందు నాకే పంపు, అరగంట ఉన్నా ఫరవాలేదు. మీ అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని వింటాను.

నీ మామయ్య