బ్యాటరీ యాసిడ్ పడిన మట్టిలో ఆకుకూరలు వేయొచ్చా?

తిరుపతిలో మీరు కొన్న స్థలంలో ఒకప్పుడు పాత బ్యాటరీలు విప్పేవాళ్లని, మట్టి పీహెచ్ (పులుపు కొలత, 7 కంటే ఎంత తగ్గితే నేల అంత పుల్లన) 5.2 వచ్చిందని, తోటకూర వేస్తే సీసం కూరలోకి వస్తుందా అని అడిగారు. రేణిగుంట వైపు మా పెరడుదీ ఇదే కథ. దయచేసి ఇప్పుడే వేయొద్దు.

మట్టిలో సీసం ఎంత ఉందన్నది ఒక లెక్క, అందులో ఎంత నీళ్లలోకి వదులుతుందన్నది ఇంకో లెక్క. రెండోది చాలావరకు పీహెచ్ చేతిలో ఉంటుంది. సీసం, కాడ్మియం, జింకు లాంటి లోహాల అయాన్లకు (నీళ్లలో ఆవేశంతో ఉండే కణాలకు) ధనావేశం. బంకమట్టికి, సేంద్రియ పదార్థానికి రుణావేశం ఉండడంతో వాటిని పట్టుకుని ఉంటాయి. యాసిడ్ చేరితే హైడ్రోజన్ అయాన్లు ఆ చోట్లు ఆక్రమించి లోహాన్ని బయటికి నెట్టేస్తాయి. పీహెచ్ ఒక్క అంకె తగ్గితే ఆ అయాన్లు పది రెట్లు పెరిగినట్టు. మన ఎర్ర ఇసుక నేలల్లో బంకమట్టీ తక్కువే, సేంద్రియ కర్బనమూ తక్కువే. కాడ్మియం, జింకు తొందరగా కదులుతాయి. సీసం మొండిది, బాగా పుల్లబడితే గానీ వదలదు.

భూసార కార్డు చూసి ధైర్యపడకండి. అందులో పీహెచ్, పోషకాలు ఉంటాయి, సీసం ఉండదు. దాన్ని వేరే ల్యాబ్‌లో అడిగి చేయించుకోవాలి. మొత్తం సీసంతో పాటు మొక్కకు అందే సీసం కూడా చూడమనండి.

మా పెరట్లో పార వేస్తే నల్ల ప్లాస్టిక్ పెంకులు, వాటికి అంటుకుని బూడిదరంగు పొడి కనిపించేవి. అసలు విషం ఆ పొడిలోనే. మట్టి తడిపి, మాస్కులు పెట్టించి, పైమట్టి ఎత్తించి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్లకే అప్పజెప్పాం. తర్వాత ల్యాబ్ చెప్పిన మోతాదులో వ్యవసాయ సున్నం, బాగా చివికిన పశువుల ఎరువు కలిపాం. కొన్ని నెలలకు పీహెచ్ 6.5 దాటింది. మొక్కకు అందే సీసం బాగా తగ్గింది, మొత్తం సీసం మాత్రం దాదాపు అంతే. సున్నం దాన్ని కట్టిపడేస్తుంది, తీసేయదు. అమ్మోనియం సల్ఫేటు, యూరియా ఏళ్లతరబడి చల్లితే నేల మళ్లీ పుల్లబడి పాత సీసం కదులుతుంది. జిప్సం వేస్తే చాలంటారు కొందరు, అది పీహెచ్ పెంచదు.

అలాగని సున్నం కుమ్మరించకండి. బ్యాటరీ పలకల్లో ఆంటిమొనీ, కాస్త ఆర్సెనిక్ కూడా ఉండొచ్చు. అవి సీసంలా కాకుండా మట్టిలో ఆక్సిజన్‌తో కలిసి రుణావేశంతో తిరుగుతాయి కాబట్టి క్షారం ఎక్కువైతే కదులుతాయి. పీహెచ్ 6.5, 7 మధ్య ఆపండి.

టెస్టులు సరిగ్గా వచ్చాక కూడా మేం వంగ, టమాటా, బెండే వేస్తున్నాం. కాయలోకి సీసం చేరేది తక్కువ. ఆకుకూరలకు, ముల్లంగి, క్యారెట్ లాంటి దుంపలకు మట్టి అంటుకుంటుంది, అదే ఎక్కువ ప్రమాదం. తోటకూర కావాలంటే బయటి మట్టితో తొట్టెల్లో పెంచుకోండి. ఇంట్లో చిన్నపిల్లలు ఆ స్థలంలో ఆడుకుని ఉంటే మాత్రం మట్టి సంగతి తర్వాత, ముందు డాక్టర్‌ని అడిగి వాళ్ల రక్తంలో సీసం టెస్ట్ చేయించండి.