ఆ పాఠం మీ మగ్గం దగ్గరే ఉంది

ప్రశ్న: మాది ధర్మవరం. బెంగళూరు యలహంకలో రెండు పవర్‌లూమ్‌లు నడుపుకుంటున్నాం. మా అమ్మాయి ఈ ఏడాది నిఫ్ట్‌లో ఫ్యాషన్ టెక్నాలజీలో చేరింది. ఫైబర్లు, యార్న్‌ల మాటలు, లెక్కలు తలకెక్కడం లేదని, మానేసి బీసీఏలో చేరతానని ఏడుస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: మాన్పించకండి. కంప్యూటర్ల మీద ఇష్టంతో అడిగి ఉంటే వేరేలా చెప్పేవాణ్ని. మీరు రాసినదాంట్లో నాకు భయమే కనిపించింది. తనను బెదరగొడుతున్న మాటల్లో సగం మీ ఇంట్లో రోజూ వినబడేవే.

ఈ ఆదివారం మగ్గం ఆపాక పక్కన కూర్చోబెట్టుకోండి. నూలు చీర కొసనుంచి ఒక పోగు లాగి పురి విప్పమనండి. పురి వదిలేసరికి అది అంగుళం, అంగుళంపావు నూగుగా విడిపోతుంది. పురిపెట్టిన పోగు యార్న్, ఆ నూగే ఫైబర్. దాని పొడవును పత్తి రైతులు పింజ అంటారు, పుస్తకం స్టేపుల్ లెంగ్త్ అంటుంది. తర్వాత రంగు అద్దిన పట్టు పోగు విప్పించండి. సన్నని తీగలు పొడవునా తెగకుండా సాగుతాయి. అది ఫిలమెంట్. పాలిస్టర్ కూడా ఫిలమెంట్‌గానే పుడుతుంది, కానీ దాన్ని పత్తిలా తుంచి వడుకుతారు కూడా. పిల్లలు తికమకపడేది ఇక్కడే.

అసలు చిక్కు నంబర్లది. పౌండు నూలులో 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) ఎన్ని వస్తే కౌంటు అంత. 40 చిలపలొస్తే నలభయ్యో నంబరు, 80 వస్తే ఎనభయ్యో నంబరు. నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నం. డెనియర్ దీనికి తలకిందులు: 9,000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు, పెరిగేకొద్దీ లావు. మీరు కొనే ముడిపట్టు మీది 20/22, అంటే 20 నుంచి 22 డెనియర్లు, ఈ లెక్కే కదా! టెక్స్ కూడా ఇంతే, మీటర్లు 1,000. ఈ మూడూ మీ తక్కెడ మీద, మీ చిలపలతో తూచి చూపిస్తే తను మర్చిపోదు.

బెంగళూరులోని పీణ్య, బొమ్మనహళ్లి గార్మెంట్ కంపెనీల్లో మర్చండైజర్లు, అంటే ఆర్డర్లు చూసుకునేవాళ్లు, మిల్లులతో రోజూ మాట్లాడేది ఈ భాషే. ఆర్డర్‌లో 2/40 అని ఉంటే, రెండు నలభయ్యో నంబరు పోగులు కలిపి పురిపెట్టిన నూలు అని. దాన్ని ఒంటిపోగు అనుకుంటే గుడ్డ బరువూ ధరా రెండూ తప్పుతాయి. మగ్గం చప్పుడులో పెరిగిన పిల్లకు ఆ పొరపాటు రాదనే నా నమ్మకం.

పురి విప్పేటప్పుడు అది ఏ వైపు తిరిగి ఉందో కూడా గమనించమనండి. ఎస్ ట్విస్ట్, జెడ్ ట్విస్ట్ పాఠం అదే.