‘పాలగుమ్మి’ అంటే ఎవరు?

సందేహం: ఒకచోట ‘పాలగుమ్మి కథ’ అని, మరోచోట ‘పాలగుమ్మి పాట’ అని, ఇంకోచోట ‘పాలగుమ్మి వ్యాసం’ అని చదివాను. అన్నీ ఒకరివే అనుకున్నాను. ఇలా ఇంటిపేరు ఒక్కటే రాసి వదిలేయవచ్చా? భమిడిపాటి, నండూరిలో లాగే పాలగుమ్మి చివర ఇకారం కూడా తర్వాత వచ్చి చేరిందేనా? – ఒక పాఠకుడు, అత్తిలి

సమాధానం: ఆ ముగ్గురూ వేర్వేరండీ. కథ పాలగుమ్మి పద్మరాజుగారిది. ఆయన 1915లో మీ అత్తిలి దగ్గరి తిరుపతిపురంలోనే పుట్టారు. 1952 నాటి ప్రపంచ కథల పోటీలో ‘గాలివాన’కు రెండో బహుమతి తెచ్చుకున్నది ఆయనే. పాట పాలగుమ్మి విశ్వనాథంగారిది. ఆకాశవాణి లలిత సంగీతం విన్నవాళ్లకు ఆయన్ని పరిచయం చేయక్కర్లేదు. వ్యాసం పల్లెల కష్టాల గురించి రాసి 2007లో మెగసెసే అవార్డు అందుకున్న పాత్రికేయుడు సాయినాథ్‌ది. ఆయన్ని అందరూ పి. సాయినాథ్ అంటారు. ఆ ‘పి’ పాలగుమ్మే అని తెలియని తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. పొడి అక్షరాల అలవాటు ఇంటిపేరును ఇంతగా దాచేయడం నాకు బాధగానే ఉంటుంది.

ఇక వాడుక సంగతి. పేరులోనే ఉంది: ఇంటిపేరు ఇంటికి పేరు, మనిషికి కాదు. గోదావరి జిల్లాల్లో కొత్తవాళ్లని ‘మీరెవరి తాలూకండీ?’ అని అడుగుతారు. ‘పాలగుమ్మివారి తాలూకండి’ అని జవాబు వస్తుంది. అంతేగాని ‘పాలగుమ్మి వచ్చాడు’ అని ఇంట్లో ఎవరూ అనరు. ‘పాలగుమ్మి అన్నారు’ అనేది పత్రికల శీర్షికల్లో చోటు చాలక వచ్చిన పద్ధతి. తప్పని కొట్టేయను గానీ, పూర్తి పేరు ఒక్కసారైనా రాయకుండా అలా మొదలుపెట్టడం మాత్రం తప్పే. ‘వారు’ చేర్చితే మర్యాద వస్తుంది, స్పష్టత రాదు. ‘పాలగుమ్మివారి పాట’ అంటే ఒకరి పాటా, ఆ ఇంటివాళ్లందరి పాటా?

కొందరి విషయంలో లోకమే తీర్పు చెప్పేసింది. ‘చెళ్ళపిళ్ళవారు’ అనగానే కడియంలో పుట్టిన వేంకటశాస్త్రిగారే గుర్తొస్తారు. సినీ సంగీత దర్శకుడు సత్యం ఇంటిపేరు కూడా చెళ్ళపిళ్ళే, అయినా ఆయన్ని ఎవరూ అలా పిలవరు. ‘శ్రీపాద’ అంటే కథలు చదివేవాళ్లకు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు, కచేరీలకు వెళ్లేవాళ్లకు పినాకపాణిగారు. రెండు రకాలవాళ్లూ చదివేచోట పూర్తి పేరు రాయక తప్పదు.

మీ రెండో ప్రశ్న చక్కనిది. ఊరిపేరు ఇంటిపేరయ్యేటప్పుడు ‘ఆ ఊరి’ అనే అర్థం రావాలి కాబట్టి షష్ఠీ రూపం తీసుకుంటుంది. ఊరు ‘ఊరి’ అవుతుంది, పాడు ‘పాటి’ అవుతుంది. నండూరు నండూరి అయింది అందుకే. భమిడిపాటిలో ‘పాటి’ కూడా అలా వచ్చిందే. అమలాపురం దగ్గర పాలగుమ్మి అనే ఊరుంది. ఆ పేరు మొదటినుంచీ ఇకారాంతమే, పూడితో ముగిసే ముళ్ళపూడి లాంటిది. అక్కడ మారడానికేమీ లేదు, ఊరైనా ఇంటిపేరైనా పాలగుమ్మే.