అమ్మాయి క్రోమోజోములు చదువుతానంటోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మా అమ్మాయి బైపీసీ రెండో ఏడాది. మొక్కల క్రోమోజోముల మీద పరిశోధన చేస్తానంటోంది. మేం హైదరాబాద్‌లో బీఎస్సీ బయోటెక్నాలజీలో చేర్పిద్దామనుకుంటున్నాం. ఏది మేలు?
– ఓ తండ్రి, రాజోలు

జవాబు: ‘ఈ చదువుతో పిల్ల నిలదొక్కుకుంటుందా’ అన్నదే మీ బెంగ. నిలదొక్కుకుంటుంది. మీ దొడ్లోని కర్పూర చక్కెరకేళినే చూడండి. గింజలుండే అడవి అరటి కణంలో 22 క్రోమోజోములు (వంశ లక్షణాలను మోసే పోగులు), అంటే 11 చొప్పున రెండు వరసలు ఉంటే, దీనిలో 33, అంటే మూడు వరసలు. మూడో వరసకు జోడీ దొరక్క, పుప్పొడి, అండం తయారయ్యేటప్పుడు పంపకం చెడుతుంది. అందుకే గింజ కట్టదు, పిలకలే నాటుకుంటాం. ఈ సంగతి తెలియకుండా అరటిలో సంకరంతో కొత్త రకం చేయడం కష్టం. గింజలేని పుచ్చ కూడా అంతే: 44 క్రోమోజోములున్న ఆడ మొక్కకు 22 ఉన్నదాని పుప్పొడి పట్టించి తీసిన విత్తనం అది. వరిని అడవి జాతులతో కలిపితే వచ్చే గొడ్డు మొక్కల్లో లోపమెక్కడో పట్టేదీ ఈ క్రోమోజోముల పరీక్షే.

బయోటెక్నాలజీ చెడ్డదని కాదు. కానీ ల్యాబ్ సరిగా లేని కాలేజీలో మూడేళ్లు నోట్సు రాసి బయటపడ్డ పిల్లలకు మొక్కలతో సంబంధం లేని కొలువులే ఎక్కువగా దొరుకుతాయి. ఆ పేరు బంధువుల్లో చెప్పుకోవడానికి బాగుంటుందని చేర్పిస్తున్నారేమో, నిజం ఆలోచించండి. చదవాల్సింది మీరు కాదు, ఆమె.

ముందు ఉల్లి వేరులో క్రోమోజోములు చూపించమని, ఆమె ఓపిక చూడండి. ఉల్లిపాయ అడుగు నీటికి తగిలేలా ఉంచితే మూడు నాలుగు రోజుల్లో వేర్లొస్తాయి. ఉదయంపూట కొనలు కోసి, మూడు పాళ్లు ఆల్కహాల్, ఒక పాలు ఎసిటిక్ ఆమ్లం కలిపిన ద్రవంలో 24 గంటలు ఉంచాలి. తర్వాత 1 నార్మల్ గాఢత ఉన్న హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 60 డిగ్రీల దగ్గర 8–10 నిమిషాలు. ఇది లెక్చరర్ దగ్గరుండి కాలేజీ ల్యాబ్‌లోనే చేయించాలి. చివరి 2 మిల్లీమీటర్లే తీసి, స్లైడ్ మీద ఎసిటోకార్మిన్ అనే రంగు వేసి, కవర్‌స్లిప్ (పలుచని గాజు ముక్క) కప్పి నొక్కి, మైక్రోస్కోప్‌లో చూడాలి. ఆమ్లంలో తక్కువసేపు ఉంచితే కణాలు విడిపోక గుట్టగా ఉంటాయి; కవర్‌స్లిప్ పక్కకు జరిగితే చితికిపోతాయి. ఉల్లిలో క్రోమోజోములు 16, పెద్దవి, తేలిగ్గా కనిపిస్తాయి. వరిలో 24, బాగా చిన్నవి. పది స్లైడ్లు పాడైనా పదకొండోది చేస్తానంటే ఆ పిల్లను ఆపకండి.

దారి: ఈఏపీసెట్ ప్రవేశ పరీక్షతో బీఎస్సీ అగ్రికల్చర్, ఆపై ఎమ్మెస్సీలో జన్యుశాస్త్రం, మొక్కల ప్రజననం. సైటోజెనెటిక్స్ (క్రోమోజోముల అధ్యయనం) పేరుతో విడిగా ఉద్యోగాలు అరుదు. వంగడాలు తయారుచేసే పనిలోనే ఇదీ ఉంటుంది. వరికి మార్టేరు, కొబ్బరికి అంబాజీపేట పరిశోధన కేంద్రాలు మీకు దగ్గరే, ఒకసారి తీసుకెళ్లండి. సీటు రాకపోతే బీఎస్సీ బోటనీ, ఎమ్మెస్సీ, సీఎస్ఐఆర్ నెట్ (పరిశోధన ఫెలోషిప్, లెక్చరర్ అర్హత పరీక్ష). ఏ కాలేజీలో చేర్పించినా ముందు ల్యాబ్‌కెళ్లి, స్లైడ్లు పిల్లలే చేస్తారా, చేసి చూపించి వదిలేస్తారా అని అడగండి.